కింది ఇంటాయన

మా అత్తగారు దోన్నా వించెంజా పొద్దున్నే లేచి చేసే మొదటి పని చేతికర్రతో వంటబల్ల కింద నేలను టకటకా కొట్టడం. ఆ తర్వాతే కాఫీ. కింద ఉన్నాయనకు తాను ఇంకా బతికే ఉన్నానని కబురు పెట్టడానికట. పెళ్ళై ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆవిడ చేష్టలు చూసి భయపడ్డాను, తర్వాత నవ్వుకున్నాను, ఆ తర్వాత పట్టించుకోవడం మానేశాను. నేపుల్స్ పాతపేటలో, వీధిలోకి తలుపు తెరుచుకునే ఒంటిగది ఇంట్లో కాపురం చేయాలంటే అన్నిటికీ అలవాటు పడాలి.

కింద ఉన్నాయన పేరు సాన్ బియాజో. గొంతు జబ్బులు నయం చేసే పునీతుడు. మా వంటబల్ల కింద ఒకప్పుడు ఒక చెక్క తలుపు ఉండేది. దాన్ని ఎత్తి నిచ్చెన దిగితే మామగారి తాతల నాటి నేలమాళిగ, అందులో వైన్ పీపాలు. అక్కడ గోడలో ఒక గూడు, గూట్లో మగమనిషి తల, పాలరాతిది. ముక్కు సగం విరిగింది, మెడ మీద అడ్డంగా పగులు. మెడ మీద పగులు ఉన్నవాడు గొంతు పునీతుడు కాక మరెవరవుతాడని మా వీధిలో ఏనాడో తేల్చేశారు. మా ఆయన అస్ప్రేనో చంటివాడుగా ఉన్నప్పుడు గొంతులో చేపముల్లు అడ్డుపడి మొహం నీలంగా మారిపోతే, మా అత్త వాణ్ణి చంకనేసుకుని నిచ్చెన దిగి ఆ రాతి తల ముందు బోర్లా పడిందట. పిల్లాడు దగ్గాడు, ముల్లు ఊడిపడింది. ఆ రోజు పెట్టిన దీపం ఆ గూట్లో ఏళ్ళ తరబడి ఆరలేదు.

తర్వాత మా వీధిలో మురుగు గొట్టం పగిలి రోడ్డు కుంగింది. తవ్వారు. తవ్వినవాళ్ళ వెనకాల టోపీలు పెట్టుకున్న అధికారులు దిగారు. మీది నేలమాళిగ కాదమ్మా, రెండు వేల ఏళ్ళ కిందటి రోమన్ల అంగడి వీధి అన్నారు. మా పీపాలు పెట్టుకున్న చోటు చేపల దుకాణమట, పక్కింటివాళ్ళు బంగాళాదుంపలు దాచుకునే చోటు బట్టలు ఉతికే తొట్టి అట. చర్చి పక్కన అప్పటికే ఒక భూగర్భ మ్యూజియం ఉంది, దాంట్లో దీన్ని కలిపేశారు. మా వంటబల్ల కింద తలుపుకు సిమెంటు పోశారు. తలను మాత్రం ఉన్న చోటే ఉంచారు.

"నా ఇంట్లోకి నేను టికెట్టు కొనుక్కుని, ఊరి అవతలి గుమ్మంలోంచి వెళ్ళాలా? ఛస్తే వెళ్ళను," అంది మా అత్త.

ఆవిడ అన్నదంటే అన్నదే. చర్చి దాకా రోజూ పూజకు వెళ్ళేది గాని పక్కనున్న మ్యూజియం గుమ్మం వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు. నేను కొత్తగా కాపురానికి వచ్చిన ఆ రోజుల్లోనే నేల మీద కర్రతో కొట్టడం మొదలైంది.

మేం మాత్రం ఆగలేకపోయాం. తెరిచిన వారంలోనే నేనూ అస్ప్రేనో దొంగచాటుగా వెళ్ళొచ్చాం. మా సాన్ బియాజో పక్కన ఒక బోర్డు పెట్టారు. 'గృహస్థుని తల. క్రీస్తు శకం ఒకటో శతాబ్దం. పేరు తెలియదు.' అస్ప్రేనో దాన్ని చదివి నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

"అమ్మతో అన్నావంటే చూడు."

"నేనేం పిచ్చిదాన్నా?"

మా వీధిలో పొద్దున పుట్టిన రహస్యం మధ్యాహ్నానికి ముసలిదైపోతుంది. ఈ ఒక్కటి మాత్రం అందరూ కడుపులో దాచుకున్నారు. కాఫీ కొట్టువాడికి తెలుసు, ఫాదరుగారికి తెలుసు, చేపలమ్మే ఆవిడకు తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. ప్రేమ అని చెప్పను, మా అత్త నోరంటే హడలు.

ఈ ఫిబ్రవరిలో ఆ నోరే మూగబోయేలా ఉంది. క్రిస్మస్ నుంచి గొంతు బొంగురు, మింగితే నొప్పి. చివరికి గొంతులో గడ్డ అని తేలింది. డాక్టరు కుర్రవాడే గాని ఓపికస్థుడు. ఇప్పుడు తీసేస్తే బాగుపడతారని, వదిలేస్తే ఊపిరికే అడ్డం వస్తుందని, గొంతు కొంచెం మారినా మనిషి దక్కుతుందని విడమరచి చెప్పాడు. సంతకం పెట్టమని కాగితం ముందుకు జరిపాడు. మా అత్త కాగితాన్ని వెనక్కి జరిపింది.

"అడిగి చెబుతాను."

"ఎవర్నమ్మా?"

ఆవిడ నేల వైపు చూపించింది. డాక్టరు కూడా వంగి తన బూట్ల కింద చూసుకున్నాడు.

ఇంటికి వచ్చాక అస్ప్రేనో బతిమాలాడు, అరిచాడు, చివరికి ప్లేటు పగలగొట్టాడు. ఆవిడ చలించలేదు.

"అదేమన్నా మోకాలురా? గొంతు! గొంతుకి ఒక పెద్దదిక్కు ఉన్నాడు. ఆయనతో ఒక్క మాట చెప్పకుండా కత్తి పెట్టనిస్తే ఊరుకుంటాడా? నీ ముల్లు తీసింది డాక్టరు కాదు."

"చర్చిలో కూడా సాన్ బియాజో ఉన్నాడు కదమ్మా. అక్కడ అడుగు."

"చర్చిలో ఉన్నాయనకి ఊరంతా మొక్కుతారు. ఆయనకి నేనెవరో తెలీదు. నన్నెరిగినాయన కింద ఉన్నాడు." ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు నేను కాఫీ ఇస్తుంటే నా మొహం చూడకుండా అంది, "ఎర్సీలియా, టికెట్టు కొను."

అన్నేళ్ళ పంతం ఆ ఒక్క మాటలో పోయింది. నాకు ఏడుపొచ్చింది, ఆ వెంటనే బోర్డు గుర్తొచ్చింది. దిగితే బోర్డు చదువుతుంది. చనిపోయినవాళ్ళ ప్రకటనల్లో చిన్నక్షరాలు కూడా మా అత్త కళ్ళద్దాలు లేకుండానే చదవగలదు. ఆయన పునీతుడు కాడని తెలిస్తే, ఇక తన గొంతుకు దిక్కెవరని ఆ కాగితం మీద జన్మలో సంతకం పెట్టదు. ఆవిడ మంచిది కాదు, నాతో రోజూ తగువే, నా వంటకు వంక పెట్టని పూట లేదు. అయినా ఆవిడ లేని ఇల్లు నాకొద్దు. కాబట్టి ఆ బోర్డు ఆవిడ కంట పడకూడదు. అంతే, తేల్చుకున్నాను.

మ్యూజియంలో కాపలా ఉండే ఎలీజియో మా వీధివాడే. మిరియాల తరల్లి అంటే పడి చస్తాడు. కరకరలాడే ఆ గుండ్రటి పిండి చుట్టలు పొట్లం నిండా కట్టించుకుని వెళ్ళాను.

"ఆ బోర్డు ఒక్క గంట తీసెయ్యి."

"గోడకి స్క్రూలు బిగించారు ఎర్సీలియా. ఉద్యోగం ఊడుతుంది."

"అయితే దాని ముందు నిలబడు."

ఎలీజియో తన పొట్ట వైపు చూసుకున్నాడు. "నిలబడతాను. దేవుడు దీన్ని ఇచ్చింది ఇందుకేనేమో."

మర్నాడు వాన. మా అత్త నల్ల గౌను వేసుకుంది, చెవులకు పగడాలు పెట్టుకుంది, చేతిసంచిలో దీపం పెట్టుకుంది. గుమ్మం దగ్గర టికెట్టు అమ్మాయి నిప్పు లోపలికి తేకూడదంటే ఒక్క చూపు చూసి, దీపం తీసి ఆ అమ్మాయి బల్ల మీదే పెట్టింది. "ఆరిపోకుండా చూడు," అంది. అది వెలిగించనే లేదు.

మెట్లు ఇరుకు, తడి. డాక్టరు మెట్లు ఎక్కద్దన్నాడు, దిగద్దని అనలేదని ఆవిడ వాదన. ఒక్కో మెట్టు దిగి ఊపిరి పీల్చుకునేది. గొంతులోంచి పిల్లి కూతలాంటి చప్పుడు వచ్చేది. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది.

"నీ సహాయం నాకెందుకే? ఇది నా ఇల్లు."

కింద పాత బండలు పరిచిన వీధి, దాని రెండు వైపులా దుకాణాల అరుగులు. మా అత్త పక్కచూపులు చూడలేదు. సందర్శకుల కోసం వేసిన ఇనప వంతెన మీద కర్ర టకటకలాడిస్తూ తిన్నగా నడిచింది. బట్టల తొట్టి దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది.

"పక్కింటివాళ్ళ బంగాళాదుంపలు ఎప్పుడూ ఎందుకు కుళ్ళేవో ఇప్పుడు తెలిసింది," అని మళ్ళీ నడిచింది.

చివర మా గూడు. లోపల చిన్న కరెంటు దీపాల వెలుతురులో ఆయన. పక్కనే ఎలీజియో, బోర్డుకు వీపు ఆనించి, పొట్ట ముందుకు పెట్టి, చేతులు రెండూ చాచి, సిలువ మీద ఉన్నవాడిలా నిలబడ్డాడు.

"వీడికేమైందే?" అంది మా అత్త.

"నడుం నొప్పట."

ఆవిడ ఆయన ముందు నిలబడింది. మెడలో రుమాలు సర్దుకుని, బొంగురు గొంతుతో, "చిక్కిపోయావు," అంది. రాయి చిక్కుతుందా అని నేను అడగలేదు. "గొంతులో గడ్డ లేచింది. కొయ్యాలంటున్నారు. నీకు చెప్పకుండా నేనేదీ చెయ్యలేదు కదా..."

సరిగ్గా అప్పుడే వంతెన మీద అడుగుల చప్పుడు. నేను బోర్డు గురించి ఆలోచించాను గాని నోరున్న బోర్డు గురించి ఆలోచించలేదు. ఫియమ్మెట్టా అని ఒక పిల్ల, మ్యూజియం చూపించేది, మిలాన్ నుంచి వచ్చిన గుంపునొకదాన్ని వెంటబెట్టుకుని వచ్చేసింది. ఎలీజియో దగ్గడం మొదలుపెట్టాడు. నేను చేతులు ఊపాను. ఆ పిల్ల ఎలీజియోకు తన నీళ్ళ సీసా అందించి పాఠం ఎత్తుకుంది.

"ఈ తల ఒకటో శతాబ్దం నాటి ఒక మామూలు గృహస్థుడిది. ఎవరో తెలీదు. తమాషా ఏంటంటే, పైనున్న ఇంటివాళ్ళు ఈయన్ని గొంతు పునీతుడనుకుని ఏళ్ళ తరబడి దీపం పెట్టారు. ఆ పునీతుడు పుట్టిందే ఈయన పోయిన చాలా కాలానికి!"

గుంపు నవ్వింది. పెద్దగా కాదు, మర్యాదగానే. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కొక్కరినీ బట్టల తొట్టిలో ముంచాలనిపించింది.

మా అత్త వెనక్కి తిరిగింది. "ఆ ఇంటివాళ్ళం మేమే," అంది.

ఫియమ్మెట్టా మొహం టమాటా పండైంది. "అమ్మా, నన్ను క్షమించండి, నాకు తెలీక..."

"క్షమించడం సంగతి తర్వాత. ముందు ఇది చెప్పు. ఈయన సాన్ బియాజో కాడా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. కాదనకు, కాదనకు అని నేను కళ్ళతో ప్రాధేయపడుతూనే ఉన్నాను. పిల్ల అబద్ధం ఆడలేకపోయింది.

"కాదమ్మా."

"మరి పేరేంటి?"

"తెలీదు."

"పెళ్ళాం? పిల్లలు?"

"ఉండే ఉంటారు. ఏమీ తెలీదమ్మా."

"సమాధి ఎక్కడుంది?"

"దొరకలేదు. ఈ తల ఒక్కటే మిగిలింది."

ఎలీజియో తన కుర్చీ తెచ్చి వేశాడు. మా అత్త కూలబడింది. ఫియమ్మెట్టా గుంపును మెల్లగా అవతలికి తీసుకుపోయింది. ఎలీజియో పక్కకు జరిగాడు కాబట్టి బోర్డు కూడా బయటపడింది. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. అయిపోయింది, ఆపరేషనూ లేదు, ఈవిడా దక్కదు అనుకున్నాను. నోటికి వచ్చింది వాగేశాను.

"అత్తయ్యా, చర్చిలో అసలాయన ఉన్నాడుగా. రేపే వెళ్దాం. పెద్ద కొవ్వొత్తి వెలిగిద్దాం..."

"నోర్ముయ్యవే. నీకిది ముందే తెలుసా?"

"తెలుసు."

"అస్ప్రేనోకి?"

"తెలుసు."

"ఏరా ఎలీజియో, నీకు?"

ఎలీజియో టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "వీధిలో అందరికీ తెలుసు దోన్నా వించెంజా."

"ఒక్కరికైనా చెప్పాలని తోచలేదా?"

"మీతో చెప్పి ఎవరు బతకగలరమ్మా?"

తిడుతుందనుకున్నాం. తిట్టలేదు. ఆయన మొహం వైపే చూస్తూ కూర్చుంది.

"అయితే ముల్లు తీసిందెవరే?" అంది.

నేను నోరు తెరిచేలోపే తనే చెప్పింది.

"ఈయనే. నేను ఈయన ముందే ఏడ్చాను, ఈయన ముందే వాడు దగ్గాడు. సాన్ బియాజో అయితే అది ఆయన పని, చేసి తీరాలి. ఈయనకేం పట్టింది చెప్పు? ఎవరి గొంతుతో ఈయనకేం సంబంధం? పరాయి మతం వాడు, పరాయి పేరు పెట్టి పిలుస్తున్నాను. అయినా పలికాడు. సొంత పేరు పెట్టి పిలిచినా పలకనివాళ్ళని ఎంతమందిని చూశాను నేను! మీ మామతో సహా."

ఎలీజియోకు నవ్వొచ్చి గోడవైపు తిరిగాడు.

మా పేటలో ఒక అలవాటుంది. చర్చిల కింది నేలమాళిగల్లో పోగేసిన ఎముకల గుట్టల్లో ఎవరివో తెలియని పుర్రెలుంటాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కోదాన్ని దత్తత తీసుకుంటారు. దుమ్ము తుడుస్తారు, ప్రార్థన చేస్తారు, కష్టం చెప్పుకుంటారు. ఏ దిక్కూ లేకుండా చనిపోయినవాళ్ళు మన ప్రార్థన కోసం ఆకలిగా ఉంటారని, మనం వాళ్ళను చూస్తే వాళ్ళు మనల్ని చూస్తారని నమ్మకం. మా అత్త తల్లి అలా ఒక పుర్రెను కన్నబిడ్డలా చూసింది. అదంతా మా అత్త మనసులో ఇప్పుడు తిరుగుతోందని నాకు అర్థమైంది.

"పేరు లేదు, సమాధి లేదు. రెండు వేల ఏళ్ళ నుంచి ఈయన ఆత్మకి ఒక్క ప్రార్థన లేదు. నేను చేసినవన్నీ వేరేవాళ్ళ పేరు మీదే చేశాను. పాపం, ఆకలితోనే ఉండి నా పిల్లాణ్ణి బతికించాడు." కళ్ళు తుడుచుకుంది. "నేను పోతే ఈయనకెవరున్నారే?"

"మ్యూజియంవాళ్ళు ఉన్నారు కదా. ఎంతమంది వచ్చి చూస్తున్నారో."

"చూడ్డం వేరు, చూసుకోవడం వేరు." కర్ర మీద గడ్డం ఆనించి నన్ను పట్టి పట్టి చూసింది. "ఎర్సీలియా, నువ్వు చూసుకుంటావా?"

ఔనమ్మా అనడానికి నోరు తెరిచాను. ఎవరైనా అదే అంటారు. కానీ ఆ కళ్ళలో ఒక రకమైన అలసట కనిపించింది. నేను ఔనంటే ఆవిడ బరువు దించేసుకుంటుంది. ఇక నిశ్చింతగా ఇంటికెళ్ళి, ఆ గడ్డతోనే, ఏ కాగితం మీదా సంతకం పెట్టకుండా మంచం ఎక్కుతుంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

"చూసుకోను," అన్నాను.

"ఏంటే?"

"చూసుకోనంటున్నాను. ఈయన నాకేమవుతాడు? నాకు ఇంటినిండా పని ఉంది. ఒక్క కొవ్వొత్తి వెలిగించను, ఒక్క ప్రార్థన చెయ్యను. ఇటువైపు రాను కూడా."

ఎలీజియో నోరెళ్ళబెట్టాడు. మా అత్త కర్ర పట్టుకుని సగం లేచింది.

"అంత పొగరా నీకు?"

"అంత పొగరే. కావాలంటే మీరే వచ్చి చూసుకోండి."

"నా కొడుకు నిన్ను ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చాడే! ముక్కు విరిగిన ముసలాయన, ఏ దిక్కూ లేనివాడు, నీకు చీమ కుట్టినట్టైనా లేదా?"

"లేదు."

ఆవిడ మొహం ఎర్రబడింది. గొంతు పెగలక కాసేపు ఆయాసపడింది. అయినా మొహం చిట్లించుకునే నిలబడ్డాను. ఆవిడకు నేను కోడల్ని అయ్యాక నేర్చుకున్న మొండితనమంతా ఆ నిమిషంలో వాడేశాను.

మా అత్త ఆయన వైపు తిరిగింది. "విన్నావుగా. నిన్ను దీనికి వదిలేసి నేను పోలేను. ఇన్నాళ్ళూ నువ్వు నాకు చేశావు. ఇక నీకు నేను చేస్తాను. గొంతు కోయించుకుని వస్తాను, ఉండు." తర్వాత నా వైపు చూడకుండా, "ఆ కుర్రడాక్టరు కాగితం ఎక్కడ పెట్టాడో కనుక్కో," అంది.

మెట్లెక్కడానికి అస్ప్రేనోనూ కాఫీ కొట్టువాడినీ పిలవాల్సి వచ్చింది. కుర్చీతో సహా మోసుకొచ్చారు. దారి పొడుగునా ఆవిడ నా పొగరు గురించి చెబుతూనే ఉంది. వీధిలోకి వచ్చేసరికి ఫాదరుగారికి కూడా తెలిసిపోయింది.

మరుసటి వారం ఆసుపత్రి. ఆకుపచ్చ గౌనులో మా అత్త చిన్నపిల్లలా కనిపించింది. పగడాలు తీసి నా చేతిలో పెట్టింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర నర్సు మంచాన్ని ఒక్క నిమిషం ఆపితే నా మణికట్టు పట్టుకుంది.

"ఇంకా మనసు మారలేదా?" అంది. గుసగుస కన్నా తక్కువ గొంతు. "నాకేమైనా అయితే చూసుకోవా?"

ఆవిడ పగడాలను పిడికిట్లో బిగించాను.

"చూసుకోను."

"రాక్షసివే," అంది. వేళ్ళు గట్టిగా బిగించి, వదిలేసింది. "సరే అయితే. నేనే వస్తా."

తలుపు మూసుకునేదాకా మొహం అలాగే పెట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత అస్ప్రేనో భుజం మీద తల వాల్చి, ఇక ఆవిడకు వినపడదు గనక, "చూసుకుంటాను అత్తయ్యా," అన్నాను. "మీరు రాకపోయినా చూసుకుంటాను. రండి."